పాట పేరు తప్పయితే 5 లక్షల డాలర్లు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబిస్తూ, అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమాన్ని లాఠీలతోనే కాదు, పరువు నష్టం దావాలతోనూ అణచాలని చూశారని రాశాను. పేపర్లో పడ్డ ఒక ప్రకటనలో పాట పేరు తప్పు పోయిందని, ఇంకొన్ని పొరపాట్లు ఉన్నాయని, అందులో పేరే లేని ఒక అధికారికి 5 లక్షల డాలర్లు ఇమ్మని అక్కడి కోర్టు చెప్పిందని కూడా రాసి అక్కడితో ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే. ఆ నాలుగు ముక్కల మీద వచ్చిన ఉత్తరాలతో నా సొరుగు మూతపడటం లేదు. అందుకని ఈ నెలంతా అదే సంగతి. వంటల గురించి, వ్యాకరణం గురించి అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను లాయర్ని కాను. ఇరవై ఎనిమిదేళ్లు డెస్కులో సబ్ ఎడిటర్‌గా తప్పులు దిద్దినదాన్ని, కొన్ని చేసినదాన్ని కూడా.

ప్రశ్న: మేడమ్, నేను లా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా క్లాసులో సల్లివన్ కేసు పావుగంటలో అయిపోయింది. 'యాక్చువల్ మాలిస్' అనే మాట తప్ప ఏమీ గుర్తు లేదు. అసలేం జరిగిందో కథలా చెప్తారా?

జవాబు: చెప్తానమ్మాయ్. కథలా చెప్పాల్సిందే ఇది.

1960 ఫిబ్రవరిలో అమెరికా దక్షిణాదిలోని అలబామా రాష్ట్ర ప్రభుత్వం మార్టిన్ లూథర్ కింగ్ మీద కేసు పెట్టింది. రాష్ట్రానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను లెక్కల్లో తప్పుడు ప్రమాణం చేశాడని ఆరోపణ. (మే నెలలో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.) ఆ కేసు ఖర్చులకూ ఉద్యమానికీ డబ్బు కావాలి. న్యూయార్క్‌లో కొందరు కమిటీగా ఏర్పడి, మార్చి 29న న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేశారు. 4,800 డాలర్ల పైచిలుకు ఖర్చయింది. కింద 64 మంది పేర్లు. ఎలినార్ రూజ్‌వెల్ట్, మార్లన్ బ్రాండో, హ్యారీ బెలఫాంటే, సిడ్నీ పాటియే, బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ లాంటివాళ్లు. వాటి కింద దక్షిణాది రాష్ట్రాల నుంచి ఇంకో ఇరవై పేర్లు, ఎక్కువమంది చర్చి పాస్టర్లు. ఈ ఇరవైని గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాం.

ప్రకటనలో పది పేరాలు ఉంటే గొడవంతా మూడో పేరా, ఆరో పేరాలో కొంత, అంతే. మూడో పేరా అలబామా రాజధాని మాంట్‌గోమరీలో నల్లజాతి విద్యార్థుల మీద జరిగిన దాని గురించి. క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం మెట్ల మీద పాట పాడినందుకు నాయకుల్ని కాలేజీ నుంచి తీసేశారని, తుపాకులూ టియర్ గ్యాసూ పట్టుకున్న పోలీసులు లారీల్లో వచ్చి క్యాంపస్‌ని చుట్టుముట్టారని, విద్యార్థులంతా నిరసన చేస్తే భోజనశాలకు తాళం వేసి ఆకలితో లొంగదీయాలని చూశారని అందులో ఉంది. ఆరో పేరాలో కింగ్ ఇంటి మీద బాంబు వేశారని, ఏడుసార్లు అరెస్టు చేశారని.

ఇప్పుడు తప్పులు. విద్యార్థులు పాడింది జాతీయ గీతం, ప్రకటనలో రాసింది వేరే దేశభక్తి గీతం. తొమ్మిదిమందిని తీసేసిన మాట నిజం, కానీ పాట పాడినందుకు కాదు. కోర్టు భవనంలో నల్లవాళ్లకు వడ్డించని భోజన కౌంటర్ దగ్గరికి వెళ్లి వడ్డించమని అడిగినందుకు. భోజనశాలకు ఎవరూ తాళం వేయలేదు. పోలీసులు పెద్ద సంఖ్యలో వచ్చి క్యాంపస్ దగ్గర నిలబడ్డారు గానీ 'చుట్టుముట్టలేదు'. కింగ్ అరెస్టయింది ఏడుసార్లు కాదు, నాలుగుసార్లు.

మాంట్‌గోమరీ నగరాన్ని నడిపిన ముగ్గురు కమిషనర్లలో ఎల్.బి. సల్లివన్ ఒకడు, పోలీసు శాఖ ఆయన చేతి కింద ఉండేది. ఆ రోజుల్లో ఆరున్నర లక్షల కాపీలు వేసే టైమ్స్, అలబామా మొత్తానికి పంపింది 394 కాపీలు. మాంట్‌గోమరీ కౌంటీకి వచ్చినవి ఓ 35. ఒక స్థానిక పత్రిక ఆ ప్రకటన గురించి చిన్న వార్త రాసేదాకా ఊళ్లో చాలామందికి దాని సంగతే తెలియదు. అయినా సల్లివన్ పరువు పోయిందట. ఏప్రిల్‌లో 5 లక్షల డాలర్లకు దావా వేశాడు. నవంబర్ 3న, విచారణ మొదలైన మూడో రోజున, జ్యూరీ రెండున్నర గంటలు కూడా కూర్చోకుండా అడిగింది అడిగినట్టు మొత్తం ఇచ్చేసింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. 1962లో అలబామా సుప్రీంకోర్టు కూడా సరేనంది.

తర్వాత కేసు వాషింగ్టన్ వెళ్లింది, అంటే అమెరికా సుప్రీంకోర్టుకు. 1964 జనవరి 6, 7 తేదీల్లో వాదనలు. టైమ్స్ తరఫున కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెర్బర్ట్ వెక్స్‌లర్. మార్చి 9న తీర్పు, అలబామా కోర్టుల తీర్పు కొట్టేశారు. తొమ్మిదిమంది జడ్జీల్లో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. తీర్పు రాసింది జస్టిస్ విలియం బ్రెనన్. నీ పావుగంట క్లాసులో వచ్చిన మాట అక్కడిదే. దాని సంగతి కింద ఇంకొకరు అడిగారు చూడు.

ప్రశ్న: పేపరు తప్పు రాసిందని మీరే ఒప్పుకుంటున్నారు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను, తప్పుకు మార్కులు తీసేయడమే నాకు తెలుసు. తప్పు రాసినవాడు కట్టొద్దా తల్లీ?

జవాబు: మాస్టారూ, మీరు తప్పుకు ఒక మార్కు తీసేవారా, పిల్లాడి ఇల్లు జప్తు చేసేవారా?

ఎగతాళి కాదు, అలబామా చట్టం పోకడ అదే. ప్రకటనలోని మాటలు పైకి చూడగానే పరువు తీసేవి అని జడ్జి తేల్చేస్తే చాలు. ఆ పైన అవి అబద్ధమని చట్టమే అనుకుంటుంది, దురుద్దేశంతో రాశారని అనుకుంటుంది, నష్టం జరిగిందని అనుకుంటుంది. సల్లివన్‌కు ఒక్క డాలర్ నష్టం వచ్చినట్టు ఎవరూ చూపించనక్కర్లేదు, చూపించలేదు కూడా. ఆయన తరఫున వచ్చిన సాక్షులే ఆ ప్రకటనలోని మాటలు తాము నమ్మలేదన్నారు. మరి ఎవరి దృష్టిలో పరువు పోయినట్టు? తప్పించుకోవడానికి పేపరుకు ఉన్నది ఒకే దారి, ప్రతి అక్షరం నిజమని నిరూపించడం. పాట పేరు దగ్గరే ఆ దారి మూసుకుపోయింది. పైగా అదే రాష్ట్రంలో పరువు నష్టం నేరమని క్రిమినల్ కేసు పెడితే గరిష్ఠ జరిమానా 500 డాలర్లు. జ్యూరీ ఇచ్చింది దానికి వెయ్యి రెట్లు. బ్రెనన్ తీర్పులో ఈ లెక్క చెప్పాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, రాత్రి ఎడిషన్ హడావుడిలో, ఒక ఫోటో కింద ఎడమ నుంచి కుడికి రాయాల్సిన పేర్లు కుడి నుంచి ఎడమకు రాశాను. ఫిర్యాదు చేసినవాడి పేరు నిందితుడికి, నిందితుడి పేరు ఫిర్యాదుదారుకి పడింది. మర్నాడు లాయర్ నోటీసు. రెండు వారాలు నాకు అన్నం సహించలేదు, ఫోన్ మోగితే టెన్షన్. మేము మొదటి పేజీలో సవరణ వేశాం, నేను వెళ్లి క్షమించమని అడిగాను, ఆయన ఒక టీ ఇచ్చి పంపించాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరి ఫోటో వచ్చినా పేరు లేకుండా 'కార్యక్రమంలో పాల్గొన్నవారు' అని రాసి బతికేశాను. భయపడ్డ మనిషి చేసేది అదే మాస్టారూ, సరిగ్గా రాయడం కాదు, రాయకుండా తప్పుకోవడం.

అలాగని టైమ్స్ వాళ్లని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ ప్రకటనలోని సంగతులు వాళ్ల సొంత పేపర్లో అంతకుముందు వచ్చిన వార్తలతో పోల్చి చూసినా కొన్ని తప్పులు దొరికేవి. ఎవరూ చూడలేదు. పెద్దవాళ్ల పేర్లున్నాయి కదా అని ప్రకటనల విభాగం ఓకే చేసేసింది. డెస్కు మనిషిగా నాకిది నచ్చదు. కోర్టు కూడా అది మహా అయితే అజాగ్రత్త అంది, అజాగ్రత్త లేదనలేదు.

ప్రశ్న: పేరే లేని మనిషి పరువు ఎలా పోతుంది?

జవాబు: ప్రకటనలో 'పోలీసులు' అని ఉంది. పోలీసులంటే వాళ్ల మీద అధికారి నేను, కాబట్టి నన్నే అన్నట్టు, ఇదీ సల్లివన్ వాదన. ఆరో పేరాలో 'అరెస్టు చేశారు' అన్నచోట కూడా అరెస్టు చేసేది పోలీసులే కదా, అంటే నేనే, బాంబు వేసింది కూడా నేనే అన్నట్టుంది అని లాగాడు. కింగ్ ఇంటి మీద బాంబు పడింది 1956లో. నాలుగు అరెస్టుల్లో మూడు సల్లివన్ ఆ పదవిలోకి రాకముందువి. ప్రభుత్వాన్ని విమర్శిస్తే ప్రభుత్వంలో ఉన్న మనిషిని తిట్టినట్టు మార్చేయడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. నా మటుకు నాకు ఈ తీర్పులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. పాపం అందరూ 'మాలిస్' వెంట పడి దీన్ని వదిలేస్తారు.

ప్రశ్న: ఆంటీ, నేను ఒక చర్చి యువజన సంఘంలో ఉన్నాను. మా పాస్టర్ గారు ఈ కేసులో నలుగురు పాస్టర్లు కూడా ఉన్నారన్నారు. ఎక్కడ చదివినా పేపరు గురించే ఉంది, వాళ్ల గురించి ఏమీ లేదు. నిజమేనా?

జవాబు: నిజమే బాబూ. ఇంతసేపూ ఈ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నాను.

ఇందాక ఇరవై పేర్లు గుర్తుపెట్టుకోమన్నాను కదా. వాటిలో నలుగురు అలబామా పాస్టర్లు. మాంట్‌గోమరీ నుంచి రాల్ఫ్ అబర్నతీ, ఎస్.ఎస్. సీయ్. బర్మింగ్‌హామ్ నుంచి ఫ్రెడ్ షటిల్స్‌వర్త్. మొబైల్ అనే ఊరి నుంచి జోసెఫ్ లోవరీ. ప్రకటనలో తమ పేర్లు ఉన్నాయని ఈ నలుగురికీ తెలియదు! న్యూయార్క్‌లో ప్రకటన తయారుచేస్తున్నప్పుడు ఉద్యమ నాయకుడు బయార్డ్ రస్టిన్, ఇంకా బలంగా ఉండాలని దక్షిణాది పాస్టర్ల పేర్లు చేర్పించాడు. వాళ్లంతా కింగ్ సంస్థలో ఉన్నవాళ్లే, వేరే అడగాలా అనుకున్నాడు. మన పెళ్లి శుభలేఖల్లో 'ఆహ్వానించువారు' కింద చిన్నాన్న పేరు చిన్నాన్నకు చెప్పకుండా వేసినట్టు. సల్లివన్ నుంచి 'వెనక్కి తీసుకోండి' అని ఉత్తరం వచ్చినప్పుడే వాళ్లకు సంగతి తెలిసింది. మేం అననిదాన్ని వెనక్కి ఎలా తీసుకుంటామని జవాబివ్వలేదు. జవాబివ్వకపోవడమే ఒప్పుకున్నట్టు అని వాదించారు.

పాస్టర్ల దగ్గర 5 లక్షలు ఎక్కడివి? అది సల్లివన్‌కీ తెలుసు. వాళ్లను కేసులోకి లాగడంలో వేరే లాభం ఉంది. అమెరికాలో వేర్వేరు రాష్ట్రాలవాళ్ల మధ్య పెద్ద మొత్తానికి సివిల్ తగాదా వస్తే ప్రతివాది దాన్ని రాష్ట్ర కోర్టు నుంచి ఫెడరల్, అంటే కేంద్రపు కోర్టుకు మార్చుకోవచ్చు. న్యూయార్క్ పేపరు ఒక్కటే ప్రతివాది అయితే వెంటనే అలాగే చేసేది. కానీ ప్రతివాదుల్లో వాది రాష్ట్రంవాళ్లు ఉంటే ఆ తలుపు తెరుచుకోదు. ఈ నలుగురు అలబామావాళ్లు ఆ తలుపుకి గొళ్లెం. దాంతో కేసు మాంట్‌గోమరీలో జడ్జి వాల్టర్ బర్గ్‌విన్ జోన్స్ ముందే ఉండిపోయింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కోర్టు హాల్లో విడివిడిగా కూర్చోవాలన్న మనిషి ఆయన. తర్వాతి ఏడాది ఇదే ప్రకటన మీద మేయర్ వేసిన దావా విచారిస్తూ, నా కోర్టులో జరిగేది 'తెల్లవాడి న్యాయం' అని బాహాటంగా చెప్పాడు. ఆ కోర్టులో తెల్ల లాయర్లు 'మిస్టర్' ఫలానా, పాస్టర్ల తరఫు నల్ల లాయర్లు 'లాయర్ గ్రే', 'లాయర్ సీయ్' (పాస్టర్ సీయ్ వేరు). ఒకరిని గారు అని, పక్కనే నిలబడ్డ ఇంకొకరిని ఉత్త పేరుతో పిలిస్తే ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తీర్పు వచ్చాక టైమ్స్‌కు అప్పీలు చేసుకునే స్తోమత ఉంది. పాస్టర్లకు వసూళ్లు ఆపించుకోవడానికి పూచీకత్తు కట్టే డబ్బు లేదు. అధికారులు నలుగురి కార్లూ జప్తు చేశారు, వేలం వేశారు. అబర్నతీకి ఉన్న కొంత భూమి కూడా పోయింది. పేపరు యజమానుల డబ్బు ఇంకా బ్యాంకులో ఉండగానే, ఒక్క ముక్క రాయనివాళ్లు, సంతకం చేయనివాళ్లు, చివరికి ఆ ప్రకటన చూడనివాళ్లు నడిచి తిరగాల్సి వచ్చింది.

సుప్రీంకోర్టుకు రెండు అప్పీళ్లు వెళ్లాయి. ఒకటి టైమ్స్ పేరుతో, రెండోది అబర్నతీ పేరుతో. రెండింటికీ ఒకే తీర్పు. పుస్తకాల్లో మాత్రం మొదటి పేరే మిగిలింది. వాదనల రోజు కింగ్ కోర్టు హాల్లో కూర్చున్నాడు. జస్టిస్ గోల్డ్‌బర్గ్ ఆయన రాసిన పుస్తకం కాపీ ఒకటి కిందికి పంపి ఆటోగ్రాఫ్ అడిగాడట.

ప్రశ్న: ఒక్క కేసు వల్ల అంత పెద్ద పేపరు భయపడిపోయిందంటారా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు: ఒక్కటైతే భయపడేది కాదేమో. ఆ ప్రకటన మీదే మేయర్, ఇంకో కమిషనర్, ఒక మాజీ కమిషనర్ తలా 5 లక్షలకు, గవర్నర్ జాన్ ప్యాటర్సన్ 10 లక్షలకు దావాలు వేశారు. సల్లివన్‌ది కలిపి మొత్తం 30 లక్షల డాలర్లు. ఆ ఏప్రిల్ 12నే టైమ్స్ విలేకరి హారిసన్ సాలిస్‌బరీ బర్మింగ్‌హామ్‌లో భయం ఎలా రాజ్యమేలుతోందో రాశాడు. దాని మీద అక్కడి కమిషనర్లు దావాలు వేశారు. పక్కనే ఉన్న బెస్సెమర్‌లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) సాలిస్‌బరీ మీద 42 క్రిమినల్ అభియోగాలు మోపింది. సుప్రీంకోర్టు తీర్పు నాటికి లెక్క ఆ తొమ్మిదిమంది జడ్జీల్లో ఒకడైన జస్టిస్ బ్లాక్ రాసిపెట్టాడు. అలబామాలో టైమ్స్ మీద స్థానిక, రాష్ట్ర అధికారుల దావాలు 11, అడిగిన మొత్తం 56 లక్షల డాలర్లు. సీబీఎస్ టీవీ మీద అయిదు, 17 లక్షలు. ఆ బ్లాక్ అలబామావాడే, అది కూడా గమనించండి.

ఫలితం ఏమిటంటే, విలేకరులు అలబామాలో అడుగుపెడితే సమన్లు చేతికి ఇస్తారని, దాంతో పేపరు ఆ రాష్ట్రం కోర్టుల పరిధిలోకి వచ్చినట్టవుతుందని టైమ్స్ లాయర్లు భయపడి, చాలాకాలం వాళ్లను అటు వెళ్లనివ్వలేదు. దక్షిణాది ఉద్యమం రాసే విలేకరి క్లాడ్ సిట్టన్ అలబామా సరిహద్దు దాటకుండా తిరిగాడు. కేసు పని మీద న్యూయార్క్ నుంచి వచ్చిన టైమ్స్ లాయర్‌ను మారుపేరుతో మోటెల్‌లో దింపారు. సల్లివన్‌కు డబ్బు వచ్చిందా లేదా అన్నది చిన్న సంగతి. రాసేవాడు ఊళ్లో లేకపోవడం, అదీ వాళ్లకు కావాల్సింది.

ప్రశ్న: దక్షిణాదిలో ఉన్న చిన్న పత్రికల మాటేమిటి? వాటికి న్యూయార్క్ లాయర్లు ఉండరుగా. (మండల విలేకరిగా పనిచేస్తున్న పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, నీలాంటివాడే అడగాల్సిన ప్రశ్న. మిసిసిపీలో లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్లో హేజెల్ బ్రానన్ స్మిత్ అనే తెల్లావిడ వారపత్రిక నడిపేది. 1954లో షెరిఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, ఒక నల్లజాతి యువకుణ్ని కారణం లేకుండా కాలి మీద కాల్చాడు. ఆవిడ వార్త రాసి, ఊరుకోకుండా ఈ షెరిఫ్ పనికిరాడని సంపాదకీయం కూడా రాసింది. షెరిఫ్ పరువు నష్టం దావా వేస్తే జ్యూరీ 10,000 డాలర్లు ఇమ్మంది. మరుసటి ఏడాది అదే రాష్ట్రపు సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, ఆమె రాసింది నిజమే కాబట్టి. గెలిచింది కదా? అప్పుడు నల్లవాళ్లను వేరుగానే ఉంచాలనే తెల్లవాళ్ల సంఘం సిటిజన్స్ కౌన్సిల్ ఆమె పత్రికకు ప్రకటనలు ఆపించింది, పోటీగా ఇంకో పత్రిక పెట్టించింది. ఆమె అప్పుల మీద అప్పులు చేసి నడిపింది. 1964లో, సల్లివన్ తీర్పు వచ్చిన ఏడాదే, సంపాదకీయాలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ విభాగంలో బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆమె. పత్రిక మాత్రం అప్పుల నుంచి బయటపడలేదు, చివరికి మూతపడింది. కోర్టు మనల్ని కాపాడినా ప్రకటనలిచ్చేవాడు కాపాడడు, ఇది నీకూ నాకూ తెలిసిందే.

నల్లజాతివాళ్ల పత్రికలకైతే దావాల దాకా కూడా వెళ్లేవారు కాదు. 1892లో మెంఫిస్‌లో ఐడా బి. వెల్స్ మూకహత్యల గురించి రాస్తే గుంపు వచ్చి పత్రిక ఆఫీసే ధ్వంసం చేసింది. ఆమె ఊళ్లో లేదు కాబట్టి బతికింది.

ప్రశ్న: 'యాక్చువల్ మాలిస్' అంటే పగతో రాయడమేనా?

జవాబు: కాదు. పేరు పెట్టినవాళ్లను అనాలి. పగ, కోపం, ద్వేషం దీనికి సంబంధం లేదు. రాసింది అబద్ధమని తెలిసే రాశాడా, లేక నిజమో అబద్ధమో నాకేంటి అని తెగించి రాశాడా, ఈ రెంటిలో ఒకటి అధికారే స్పష్టంగా నిరూపించాలి. నిరూపించే బరువు రాసినవాడి నెత్తి మీంచి అధికారి నెత్తి మీదికి మారింది. మారింది అంతే, కానీ దాంతోనే అంతా మారింది. ప్రజా విషయాల మీద చర్చ జంకులేకుండా, గట్టిగా, బార్లా తెరిచి ఉండాలని, అందులో అధికారులకు చురుక్కుమనే మాటలూ పడతాయని బ్రెనన్ రాశాడు. దీనికి ఆయన వెనక్కి వెళ్లి 1798 నాటి రాజద్రోహ చట్టాన్ని తవ్వి తీశాడు. ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైల్లో పెట్టిన చట్టం అది. సుప్రీంకోర్టు ముందుకు ఎన్నడూ రాకపోయినా చరిత్ర కోర్టులో అది ఓడిపోయిందని ఆయన వాదన.

ఇంకో ముక్క. ఈ తీర్పు పత్రికల కోసమే అనుకుంటారు. మిసిసిపీలో ఆరన్ హెన్రీ అనే ఉద్యమ నాయకుడు, తన అరెస్టు ప్రభుత్వ లాయరూ పోలీసు చీఫూ కలిసి చేసిన కుట్ర అన్నాడు. ఇద్దరూ దావాలు వేసి గెలిచారు. 1965లో సుప్రీంకోర్టు సల్లివన్ తీర్పు చూపించి వాటిని కొట్టేసింది. హెన్రీకి పేపరూ లేదు, ప్రెస్సూ లేదు. ఉన్నది నోరు.

ప్రశ్న: దీన్ని అడ్డం పెట్టుకుని ఎవరి మీద ఏదైనా రాసేయొచ్చుగా? మంచి అధికారి గతి ఏమిటి? (ఒక విశ్రాంత ప్రభుత్వ ఉద్యోగి)

జవాబు: అయ్యా, మీ బాధ నిజమైనదే, తప్పించుకోను. నిజంగా అబద్ధం రాసినా, రాసినవాడు దాన్ని నమ్మే రాశాడని తేలితే ఆ అధికారికి డబ్బు రాదు. కొందరికి అన్యాయం జరుగుతుంది, జరిగింది. 1967లో రాసేవాళ్లకున్న ఈ రక్షణ, అధికారులు కానివాళ్ల విషయానికీ, అంటే జనంలో పేరున్నవాళ్లకు సంబంధించిన రాతలకూ పాకింది. 1962లో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థిని మిసిసిపీ యూనివర్సిటీలో చేర్చుకునే సందర్భంలో అల్లర్లు జరిగితే, రిటైర్డ్ జనరల్ ఎడ్విన్ వాకర్ గుంపును ముందుండి నడిపాడని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ రాసింది. టెక్సస్ కోర్టు ఆయనకు 5 లక్షల డాలర్లు ఇమ్మంది. సుప్రీంకోర్టు కొట్టేసింది. గంటల్లో పంపాల్సిన వార్త, విలేకరి నమ్మదగినవాడు, కాబట్టి తెగింపు కాదు అంది. అదే రోజు ఇంకో కేసులో, తీరిగ్గా పరిశీలించే వ్యవధి ఉండి కూడా చూసుకోకుండా ఒక మాజీ ఫుట్‌బాల్ కోచ్ మీద మ్యాచ్ అమ్ముకున్నాడని రాసిన పత్రికను మాత్రం వదల్లేదు. కాబట్టి 'ఏదైనా' రాసేయడం కుదరదు.

ఇప్పటి సుప్రీంకోర్టులో జస్టిస్ క్లారెన్స్ థామస్ ఈ తీర్పును తిరగదోడాలని 2019 నుంచి రాస్తున్నాడు. అదే న్యూయార్క్ టైమ్స్ మీద సారా పేలిన్ అనే రాజకీయ నాయకురాలు వేసిన దావాలో, సంపాదకీయంలో తప్పు ఉందని పేపరే ఒప్పుకుని దిద్దుకున్నా, 2022లోనూ మళ్లీ 2025లోనూ జ్యూరీలు పేపరు వైపే నిలిచాయి. మీరు థామస్ పక్షం అయితే నేను తప్పు పట్టను. నాకు మాత్రం ఆ నాలుగు కార్లు గుర్తొస్తాయి.

ప్రశ్న: తర్వాత ఆ పాస్టర్లు ఏమయ్యారు అమ్మమ్మా? (తొమ్మిదో తరగతి)

జవాబు: ఉద్యమంలోనే ఉన్నారు కన్నా. అబర్నతీ, కింగ్ హత్య తర్వాత ఆయన సంస్థకు నాయకుడయ్యాడు. షటిల్స్‌వర్త్ పేరు ఇప్పుడు బర్మింగ్‌హామ్ విమానాశ్రయానికి ఉంది. ఆయన ఇంటి మీద బాంబు వేసిన ఊరది. లోవరీ తొంభై ఎనిమిదేళ్లు బతికాడు. 2009 జనవరి 20న వాషింగ్టన్‌లో ఒబామా ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీద చివరి ప్రార్థన చేసింది ఆయనే. ఈసారి కార్యక్రమ పత్రంలో పేరు ఆయనకు చెప్పే వేశారు.